చింతిస్తున్న వారి పేరు, హోదా

సమాచార హక్కు చట్టం కింద సాగరగిరి నగర విద్యుత్ రైలు సంస్థకు వెళ్లిన ఆ అర్జీలో వాక్యాలు పైడిరాజు మాస్టారివి. కోపం ఆయన భార్య నూకరత్నానిది. తర్వాత జరిగిన దానిలో కోపం వల్ల ఎవరికీ ఏ నష్టమూ రాలేదనీ, వచ్చిందంతా వాక్యాల వల్లేననీ మాస్టారు ఇప్పటికీ ఒప్పుకుంటారు.

సాగరగిరి సముద్రం పక్కన పొడుగ్గా పడుకున్న ఊరు. ఉత్తరాన ఉప్పలవలస నుంచి దక్షిణాన పాతరేవు దాకా తీరం వెంబడే కరెంటు రైలు నడుస్తుంది. పద్నాలుగు స్టేషన్లు, నలభై ఐదు నిమిషాల ప్రయాణం అని గోడల మీద రాసి ఉంటుంది. మాస్టారు ఉప్పలవలస హైస్కూల్లో తెలుగు చెబుతారు. నూకరత్నానికి మూత్రపిండాలు పాడయ్యాక, వారానికి మూడు రోజులు, ఉదయం ఆరూ పది బండిలో ఇద్దరూ పాతరేవు ఆస్పత్రికి డయాలిసిస్‌కి వెళ్లేవారు. హెడ్మాస్టారి దయ వల్ల ఆ మూడు రోజులూ ఆయన పాఠాలు మధ్యాహ్నానికి మారాయి.

ఆస్పత్రిలో ఆవిడ వంతు ఏడు నుంచి పదకొండు. బండి నలభై నిమిషాలు ఆలస్యమైతే రక్తం శుభ్రపడే సమయం నలభై నిమిషాలు తగ్గుతుంది. పదకొండింటికి ఇంకొకరు వచ్చి ఆ మంచం పక్కన నిలబడతారు. వాళ్లదీ రక్తమే కాబట్టి కాదనడానికి ఉండదు.

బండి ఆలస్యమైన ప్రతిసారీ ప్లాట్‌ఫారం స్తంభానికున్న మైకులోంచి ఒక ఆడగొంతు తీయగా పలికేది: "ప్రయాణికులకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము."

నూకరత్నం బెంచీ మీద కూర్చుని, ఒళ్లో సంచీ పెట్టుకుని, ఆ మైకు కేసి చూసేది.

"ఎవులు?" అనేది.

"అది రికార్డు చేసిన గొంతు," అనేవారు మాస్టారు.

"గొంతు సరేనండీ. సింత ఎవులిది?"

ముప్ఫై ఏళ్లుగా పిల్లల వ్యాసాల్లో ఎర్రసిరాతో "ఎవరు?" అని రాస్తున్న మనిషికి, ఆ మైకు కింద మూడు నెలలు కూర్చున్నా ఆ ప్రశ్న తట్టలేదు. తట్టనందుకు కొంచెం చిన్నబుచ్చుకున్నారు కూడా.

ఒక మంగళవారం బండి యాభై నిమిషాలు ఆలస్యమైంది. మైకు ఐదుసార్లు చింతించింది. ఇంటికి వచ్చాక నూకరత్నం మంచం మీద వాలి అంది: "మీరు తెలుగు మాస్టారు కదా, కాయితం రాయండి. పేరు అడగండి. ఎంతసేపు సింతిస్తారో అడగండి. సింతించేసి ఏటి సేస్తారో అదీ అడగండి. అంతే."

మాస్టారు మూడు సాయంత్రాలు రాశారు. కొట్టేశారు, తిరగరాశారు, పైకి చదివి చూసుకున్నారు.

"మూడు మాటలకి మూడు రోజులేటండీ," అంది ఆవిడ. "నాకున్న రోజులు మీ కామాలకే సరిపోయేటట్టున్నాయి."

చివరికి అర్జీ ఇలా తయారైంది. ఒకటి, అసౌకర్యానికి చింతిస్తున్న వారి పేరు, హోదా తెలియజేయగలరు. రెండు, వారు ఎంతసేపు చింతిస్తారు? మూడు, చింతించిన తర్వాత ఏం చేస్తారు? కింద బమ్మిడి నూకరత్నం అని ఆవిడే సంతకం పెట్టింది.

ముప్ఫై రోజుల్లో జవాబు రావాలి. రాలేదు. రెండు నెలలు గడిచాయి. రోజూ సాయంత్రం మాస్టారు బడి నుంచి రాగానే ఆవిడ అడిగే మాట ఒకటే: "కాయితం ఒచ్చిందేటి?" మూడో నెలలో ఆస్పత్రి మంచం మీద కూడా అదే అడిగింది. "ఒస్తే సదివి ఇనిపించండి," అంది.

"వస్తుంది. వినిపిస్తాను," అన్నారు మాస్టారు.

ఉద్యోగంలో చేరింది మొదలు ఆధారం చూసుకోకుండా ఆయన అన్న మాట అదొక్కటే. ఆ గురువారం నూకరత్నం పోయింది. రైలు వల్ల కాదు, జబ్బు ముదిరిపోయింది అన్నారు డాక్టరు. మాస్టారు న్యాయంగా మాట్లాడే మనిషి కాబట్టి ఎవరితోనూ రైలు వల్ల అనలేదు. బడికి సెలవు కూడా ఎక్కువ పెట్టలేదు. పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాయి.

అక్కడ రైలు సంస్థ ఆఫీసులో ఆ అర్జీ చేసిన పని వేరు.

చింతించేది ఎవరూ లేరని జవాబివ్వడానికి వీల్లేదన్నాడు న్యాయ సలహాదారు. అలా అంటే మైకు రోజుకు రెండువందల ముప్ఫైసార్లు అబద్ధం చెబుతున్నట్టు సంస్థే ఒప్పుకున్నట్టవుతుంది. సిబ్బంది అందరూ చింతిస్తున్నారనీ అనకూడదు. పదకొండు వందల మందినీ విడివిడిగా అడిగి సంతకాలు తీసుకోవాలి. ఫైలు బల్ల మీంచి బల్ల మీదికి తిరిగి చివరికి మేనేజింగ్ డైరెక్టర్ హయగ్రీవం గారి దగ్గరికి చేరింది. ఆయన సమస్యను సమస్యగా చూసే అలవాటు లేని మనిషి.

"దీన్ని మనం ఒక అవకాశంగా స్వీకరించాలి," అన్నారాయన. "దేశంలో ఏ రైలు సంస్థకూ చింతించడానికి ప్రత్యేక యంత్రాంగం లేదు. మనం నెలకొల్పుదాం."

అలా ముఖ్య ఖేదాధికారి అనే పదవి పుట్టింది. ప్రభుత్వ ఉద్యోగుల నుంచి డెప్యుటేషన్ మీద తీసుకోవాలని అన్ని శాఖలకూ సర్క్యులర్ వెళ్లింది. అర్హతలు: తెలుగుపై అధికారం, విధినిర్వహణకు ఆటంకం కలగని రీతిలో కనీసం ఆరు నెలల అవిచ్ఛిన్న విచారానుభవం.

ఉప్పలవలస హెడ్మాస్టారు ఆ కాగితం పట్టుకుని స్టాఫ్ రూముకి వచ్చారు. మంచివాడే గానీ, కొన్నాళ్లుగా ఆ గదిలో ఎవరూ గట్టిగా నవ్వలేకపోతున్నారన్న ఇబ్బంది ఆయనకూ ఉంది.

"మాస్టారూ, మీకు ఆరు నెలలు నిండాయా?"

"ఏడో నెల."

"అయితే మీ పేరు పంపిస్తాను. గాలి మార్పు."

మాస్టారు వద్దనబోయారు. అంతలో సర్క్యులర్ పైన "సూచిక" అన్న చోట ఆయన కళ్లు ఆగాయి. సూచిక: శ్రీమతి బమ్మిడి నూకరత్నం గారి అర్జీ. ఆ పేరు అచ్చులో చూడటం ఆయనకు అదే మొదలు. శుభలేఖ మీద కూడా అప్పట్లో తప్పుగా వేశారు.

జవాబు ఇంకా బతికే ఉందన్నమాట, అనుకున్నారాయన. "పంపండి," అన్నారు.

ఇంటర్వ్యూలో నలుగురు కూర్చున్నారు. ఇంటిపేరు ఒకటే అయినా ఎవరూ ఏమీ అడగలేదు. సూచికలో పేర్లు ఎవరూ చదవరని మాస్టారికి ఆరోజే తెలిసింది.

"మీ విచారం ఏ స్వభావానిది?" అన్నారు హయగ్రీవం గారు.

"మా ఆవిడ పోయింది సార్."

"మధ్యలో ఏమైనా విరామం?"

"లేదు."

"మెడికల్ లీవు?"

"పెట్టలేదు. పరీక్షలు ఉన్నాయి."

హయగ్రీవం గారు మిగతా ముగ్గురి వైపూ చూశారు. "సర్వీసు దెబ్బతినకుండా విచారించారు. మనకు కావలసింది సరిగ్గా ఇదే." మళ్లీ మాస్టారి వైపు తిరిగి, "ఒక పన్నెండు నిమిషాల ఆలస్యం అనుకోండి. ప్రదర్శించండి," అన్నారు.

మాస్టారికి ఏం చెయ్యాలో తోచలేదు. ఉన్నవాడు ఉన్నట్టే కూర్చున్నారు. గోడ గడియారం చప్పుడు వినిపించింది. నలుగురిలో ఒకాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"అద్భుతం," అన్నారు హయగ్రీవం గారు.

"నేనేమీ చెయ్యలేదు సార్."

"అదే మరి." ఆయన అర్జీ తీసి, మూడు ప్రశ్నలూ పైకి చదివారు. "ఇది రాసినవాడెవడో గానీ సామాన్యుడు కాదండీ. ఎక్కడా ఒక్క మాట ఎక్కువ లేదు. మీరు ఇలాంటి భాష రాయగలగాలి."

ఆ మాటకు మాస్టారి గుండెలో ఎక్కడో చిన్న దీపం వెలిగింది. తిరుగు బండిలో కిటికీ పక్కన కూర్చుని ఆయన దాన్ని గుర్తించారు. భార్య ప్రాణం మీద రాసిన కాగితానికి మార్కులు వస్తే సంతోషించిన మనిషి ఎలాంటివాడో, దీపస్తంభం స్టేషన్ దాకా ఆలోచించారు. బండి అక్కడ ఇరవై నిమిషాలు ఆగిపోవడంతో ఆలోచించడానికి కావలసినంత సమయం దొరికింది.

చేరిన రోజే ఆయన సమాచార విభాగం సూపరింటెండెంట్ సుగుణమణి గారి దగ్గరికి వెళ్లారు. నెరిసిన జడ, బల్ల మీద మిరియాల చారు ఫ్లాస్కు, చుట్టూ ఫైళ్లు.

"ఆ అర్జీకి జవాబు ఎప్పుడు వెళుతుందండీ?"

"మీరు చేరారుగా మాస్టారూ, మొదటి ప్రశ్న తేలింది. మిగతా రెండూ తేలాలి. ఒక్కో దానికి ఒక్కో కమిటీ వేశారు."

"అంతదాకా?"

"అంతదాకా మీరు చింతిస్తూ ఉండండి."

ఆయనకు ఒక గది ఇచ్చారు. కుర్చీ, బల్ల, గోడకు ఒక చిన్న మైకు, ఖేద రిజిస్టరు. బండి ఆలస్యమైందని మైకులో రాగానే నంబరు, వేళ, ఖేద స్థాయి రాసి సంతకం పెట్టాలి. పది నిమిషాల లోపు స్వల్పం. ముప్ఫై లోపు మధ్యమం. ఆపైన ప్రగాఢం. బండి రద్దయితే పరిపూర్ణం.

రెండో ప్రశ్న కమిటీ నెలకే నివేదిక ఇచ్చింది: ఆలస్యం ఎంతసేపో ఖేదం అంతసేపు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ ఒకేసారి ఐదు బండ్లు ఆగితే ఒక్క మనిషికి ఎన్ని గంటలుంటాయి? మొదటి శనివారానికి మాస్టారి పేరున నలభై ఒక్క గంటల ఖేదం బకాయి పడింది. దాంతో పద్నాలుగు స్టేషన్లకు పద్నాలుగు మంది ఉపఖేదాధికారులను వేశారు. వాళ్లకు శిక్షణ ఇచ్చే బాధ్యత మాస్టారి మీద పడింది. కుర్రవాళ్లు నోటు పుస్తకాలు తెరిచి కూర్చున్నారు.

"ఏటి గుర్తు సేసుకోమంటారు సార్?" అన్నాడు ఒకడు.

"నాకు తెలిసింది ఒక్కటే నాయనా. ఊరికే కూర్చోవడం."

అందరూ అది రాసుకున్నారు.

మాస్టారి గురించి ఇక్కడ ఒక నిజం చెప్పాలి. ఆయన ఆ ఉద్యోగాన్ని చాలా శ్రద్ధగా చేశారు. శ్రద్ధ ఆయన జబ్బు. రిజిస్టరులో గడులు సరిగ్గా లేవని తిరిగి గీయించారు. మధ్యమానికీ ప్రగాఢానికీ తేడా వివరిస్తూ రెండు పేజీల సూచనలు రాశారు. ఉపఖేదాధికారుల రిజిస్టర్లు తెప్పించుకుని, అశ్రద్ధగా విచారించిన చోట ఎర్రసిరాతో గుర్తుపెట్టారు. ఊళ్లో వాళ్లు "ఏడుపు మాస్టారు" అంటున్నారని తెలిసినా పట్టించుకోలేదు.

ఒక సాయంత్రం ఇంటికి వచ్చి, రోజూ కూర్చున్నట్టే నూకరత్నం ఫోటో ముందు కూర్చున్నారు. ఏమీ రాలేదు. కాసేపు ఆగి చూశారు. అప్పటికీ రాలేదు. ఆ రోజు ఏడు ప్రగాఢాలు, పదకొండు మధ్యమాలు జరిగాయి. ఆ రోజుకి ఉన్నది ఆఫీసులోనే అయిపోయింది.

లేచి అన్నం వండుకున్నారు. జవాబు రానీ, ఆ మర్నాడే బడికి వెళ్లిపోతాను అనుకున్నారు.

ఆ వారంలోనే ఆయనకు మెమో వచ్చింది. తనిఖీ అధికారి గదిలోకి వచ్చిన సమయంలో ఏ బండీ ఆలస్యంగా లేదనీ, అయినా ముఖ్య ఖేదాధికారి విచారంగా కనిపించారనీ, సంస్థకు కేటాయించిన ఖేదాన్ని అనుమతి లేకుండా స్వంతానికి వినియోగించడంపై మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలనీ అందులో ఉంది. మాస్టారు సంజాయిషీ రాశారు. మెమోలో రెండు అచ్చుతప్పులు దిద్ది దానికి జత చేశారు.

బండ్లు ఎందుకు ఆలస్యమవుతాయో ఆయనకు చెప్పినవాడు ఎర్రయ్య. పైన తీగల పని చేసే మనిషి. ఉప్పలవలస ప్లాట్‌ఫారం చివర బీడీ ఆర్పి మాస్టారి దగ్గరికి వచ్చాడు.

"అలా పైకి సూడండి బాబూ. తీగ ఏలాడే సోట బోర్లించిన గిన్నెల్లాగ తెల్లగా ఉన్నాయి కదా, అయి పింగాణీవి. సముద్రం గాలికి ఆటిమీద ఉప్పు పేరుకుంటాది. తెల్లారగట్ల మంచు పడీసరికి ఆ ఉప్పు తడిసి, కరెంటు దాని మీంచి పాకీసి, లైను పడిపోద్ది. బండి ఆగిపోద్ది."

"దానికేం చెయ్యాలి?"

"ఏటుందండి. నెలకోపాలి మంచినీళ్లతో కడిగితే సాలు."

"మరి కడగరేం?"

"కడగడానికి ఎక్కీ బండి ఒకటే ఉంది. అది మీ పెద్దసారు ఊరంతా సేయించబోయే ఖేద వారోత్సవాలకి బేనర్లు కట్టడానికి ఎల్లిపోనాది." ఎర్రయ్య కాస్త ఆగి అన్నాడు: "అమ్మగోరు కూడా ఇక్కడే కూకుని నన్నొకపాలి అడిగినారు బాబూ. గిన్నెలు మీ ఇంట్లో కడగవేటిరా అని."

మాస్టారు పైకి చూశారు. తెల్ల గిన్నెల మీద బూడిద రంగు పొర కనిపించింది. అంతకు ముందు ఆయన ఎప్పుడూ అంత ఎత్తు చూడలేదు. మైకు దగ్గరే ఆగిపోయేవారు.

నవంబరు మొదట్లో తుపాను అంచు తగిలి నాలుగు రోజులు కుండపోతగా వాన కురిసింది. మనుషులు ఎక్కి కడగని గిన్నెలు ఆకాశం కడిగింది. అయిదో రోజు నుంచి బండ్లన్నీ వేళకు నడవడం మొదలైంది. ఒకరోజు, రెండు రోజులు, తొమ్మిది రోజులు. స్టేషన్లలో జనం గడియారాలు సరిచూసుకున్నారు. పద్నాలుగు మంది ఉపఖేదాధికారులు చేతులు ముడుచుకుని కూర్చున్నారు.

పదో రోజు హయగ్రీవం గారు అత్యవసర సమావేశం పెట్టారు.

"పరిస్థితి ఆందోళనకరంగా ఉంది," అన్నారాయన. "పదిహేను మంది సుశిక్షిత సిబ్బంది. తొమ్మిది రోజులుగా శూన్య ఖేదం. ఇలాగే కొనసాగితే నైపుణ్యం తుప్పుపడుతుంది. పైవాళ్లు విభాగమే ఎందుకని అడుగుతారు. కాబట్టి రోజుకు కనీసం రెండు బండ్లను దీపస్తంభం దగ్గర ఇరవై అయిదేసి నిమిషాలు నిలిపి, మధ్యమ ఖేదానికి తగిన వాతావరణం కల్పించాలని నిర్ణయించాం. ఉదయం ఆరూ పది, సాయంత్రం అయిదూ నలభై."

పైడిరాజు మాస్టారు సమావేశాల్లో మాట్లాడే మనిషి కాదు. లేచి నిలబడ్డారు.

"ఆరూ పది వద్దు సార్. ఆ బండిలో డయాలిసిస్ వాళ్లు వెళతారు."

"ఎంతమంది?"

"ఉప్పలవలస నుంచి పదకొండు మంది. ఇదివరకు పన్నెండు."

హయగ్రీవం గారు తల పంకించారు. "అయితే ఇంకా మంచిది. ఖేదం సహజంగా వస్తుంది."

మాస్టారు కూర్చోలేదు. "అర్జీలో మూడో ప్రశ్న ఉంది సార్. చింతించిన తర్వాత ఏం చేస్తారని."

"ఆ కమిటీ పరిశీలించింది. చింతించిన తర్వాత జరిగేది మన విభాగం పరిధిలోకి రాదు."

అప్పుడే సుగుణమణి గారు ఫైలు పట్టుకుని లోపలికి వచ్చారు. మొహం అదోలా ఉంది. "సార్, జవాబు పంపే ముందు అడ్రసు సరిచూడమని మనిషిని పంపాం. అర్జీదారు చనిపోయారట. పది నెలలైందట."

గదిలో అందరికీ తేలికైనట్టు కనిపించింది. హయగ్రీవం గారు కలం తెరిచారు. "పాపం. అయితే జవాబు అవసరం లేదు. ఫైలు మూసెయ్యండి. సంస్థ తరఫున ఖేదం మాత్రం నమోదు కావాలి. మాస్టారూ, ఏ స్థాయి అంటారు?"

పక్కనున్న ఆయన సాయం వచ్చాడు. "ఇది ఆలస్యం కాదు కదా సార్. రద్దు కిందికి వస్తుంది."

"అవును. పరిపూర్ణం. రాయండి మాస్టారూ."

రిజిస్టరు ఆయన ముందుకు జరిపారు. మాస్టారు కలం టోపీ తీశారు. మళ్లీ పెట్టేశారు.

"ఆవిడ మా ఇంటి మనిషి సార్. నా భార్య. అర్జీ రాసింది నేను. జవాబు వస్తుందని, చదివి వినిపిస్తానని చెప్పాను."

గోడ గడియారం చప్పుడు మళ్లీ వినిపించింది. హయగ్రీవం గారు చెడ్డవారు కాదు. ఆయన మొహంలో నిజంగానే ఏదో కదిలింది. కానీ ఆయనకు తెలిసిన భాష ఒకటే.

"అంటే," అన్నారు నెమ్మదిగా, "ఇప్పుడు ఇది స్వంత ఖేదమా, సంస్థ ఖేదమా?"

సుగుణమణి గారు ఫైలు తిరగేస్తూ, ఎవరి వైపూ చూడకుండా అన్నారు: "ఫైలు మూయడం కుదరదు సార్. మరణ ధ్రువపత్రం జత కాలేదు. అది జత అయ్యేదాకా అర్జీదారు బతికి ఉన్నట్టే లెక్క. చట్ట ప్రకారం జవాబు ఇవ్వాల్సిందే."

"తెప్పించండి. ఎవరివ్వాలి?"

"భర్త."

అందరూ మాస్టారి వైపు చూశారు. ధ్రువపత్రం ఆయన ఇంట్లో బీరువా పై అరలో, ఆవిడ పట్టుచీర కింద మడత పెట్టి ఉంది. ఎక్కడైనా అబద్ధం కనిపిస్తే ఎర్రసిరాతో గీత గీసే మనిషి ఆయన.

"నేను ఇవ్వను సార్," అన్నారు.

నిబంధనలకు అడ్డం వెళ్లే అలవాటు హయగ్రీవం గారికి లేదు. చాలాసేపు ఫైలు వైపు చూశారు. "సరే. సంతకం నేను పెడతాను. జవాబు ముసాయిదా ముఖ్య ఖేదాధికారే రాయాలి. ఆయన విభాగం కదా," అన్నారు.

ఈసారి మాస్టారికి మూడు రోజులు పట్టలేదు. సుగుణమణి గారి బల్ల పక్కనే కూర్చుని, ఆవిడ పోసిన మిరియాల చారు చల్లారే లోపు రాసేశారు. ఆవిడ చదివారు.

ఒకటి. చింతిస్తున్న వారి పేరు: బమ్మిడి పైడిరాజు. హోదా: ముఖ్య ఖేదాధికారి, తాత్కాలికం.

రెండు. ఎంతసేపు: గడువు లేదు.

మూడు. చింతించిన తర్వాత: ప్రతి నెలా మొదటి సోమవారం, ఉప్పలవలస నుంచి పాతరేవు దాకా, తీగల దగ్గరి పింగాణీ గిన్నెలు మంచినీళ్లతో కడుగుతారు.

"హోదా తాత్కాలికం, చింతకి గడువు లేదా?" అన్నారు సుగుణమణి గారు. "ఆడిట్ వాళ్లు అడుగుతారు మాస్టారూ."

"అడగనివ్వండి."

ఆవిడ మూడో జవాబు దగ్గర వేలు పెట్టి ఆగారు. "ఇది ఇలా రాసి పంపితే మనవాళ్లు కడిగి తీరాలి. తప్పుడు సమాచారం ఇచ్చారంటే సమాచార కమిషన్ ముందు నిలబడాలి. సార్ చదివితే ఒప్పుకోరేమో."

"చదువుతారంటారా?"

సుగుణమణి గారు ఒక్క క్షణం ఆలోచించి, ఆ కాగితాన్ని ఖేద వారోత్సవాల ఆహ్వాన పత్రికల నమూనాల మధ్య పెట్టి సంతకానికి పంపారు. సాయంత్రానికల్లా అన్నిటి మీదా సంతకాలు పడి తిరిగి వచ్చాయి. ఆహ్వాన పత్రికలో తన పేరు చిన్న అక్షరాల్లో ఉందని మాత్రం హయగ్రీవం గారు గుర్తుపెట్టారు.

వారానికి రిజిస్టరు పోస్టు ఉప్పలవలస చేరింది. పోస్టుమాను గుమ్మంలో నిలబడి, "నూకరత్నం గోరికండి. సంతకం ఎవులు పెడతారు?" అన్నాడు. పెట్టింది మాస్టారే. ఆ సాయంత్రమే ఆయన డెప్యుటేషన్ రద్దు చేయమని ఒక వాక్యంలో దరఖాస్తు రాశారు. దానికి కమిటీ అవసరం లేకపోయింది. నెల తిరిగేలోగా బడికి వచ్చేశారు. మొదటి సోమవారం ఎర్రయ్య బేనర్ల పని నుంచి వెనక్కి వచ్చిన బండి ఎక్కి గిన్నెలు కడిగాడు. ఎవరు కడగమన్నారో ఆఫీసులో ఎవరికీ సరిగ్గా తెలియదు. జవాబులో ఉంది కాబట్టి కడగాలని మాత్రం అందరికీ తెలుసు. బండ్లు నిలిపే విషయం ఇంకో కమిటీ దగ్గర ఉంది. కమిటీ ఇంకా సమావేశం కాలేదు.

ఆ మర్నాడు మంగళవారం. మాస్టారికి పాతరేవులో ఉపాధ్యాయుల శిక్షణ ఉంది. ఉదయం అయిదున్నరకే ఉప్పలవలస స్టేషన్‌కి వచ్చి, మైకు కింద బెంచీ మీద, ఎప్పుడూ కూర్చునే వైపే కూర్చున్నారు. రెండో వైపు సంచీ పెట్టారు. డయాలిసిస్ వాళ్లు పదకొండు మందీ కాస్త దూరంలో కూర్చుని ఉన్నారు. మంచు బాగా పడుతోంది. పైన గిన్నెలు తెల్లగా ఉన్నాయి.

ఆయన జేబులోంచి కవరు తీసి, కాగితం విప్పి, పక్కకు మాత్రమే వినిపించేటట్టు చదవడం మొదలుపెట్టారు. చిరునామా, సూచిక, అన్నీ చదివారు. మొదటి జవాబులో తాత్కాలికం అన్న మాటకు ముందు కామా తప్పిపోయింది. టైపు చేసినవాళ్లు వదిలేశారు. చేయి అలవాటుగా జేబులోని ఎర్ర కలం దగ్గరికి వెళ్లింది. దానికి ఆవిడ ఏమనేదో ఆయనకు తెలుసు. కలం బయటికి తియ్యలేదు.

రెండో జవాబు చదివారు. రెండే మాటలు గానీ కాస్త సమయం పట్టింది.

అంతలో ఆరూ పది బండి ఆరూ పదికే వచ్చింది. పదకొండు మందీ నెమ్మదిగా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఎక్కారు. మాస్టారు తల ఎత్తి చూశారు. ఇంకా మూడో జవాబు ఉంది. వినిపిస్తానని చెప్పిన మాట సగంలో ఆపి లేవడం ఆయనకు చేతకాలేదు. ఆవిడ అడిగినవాటిలో అదే అసలైనది.

చదవడం పూర్తయ్యేసరికి బండి దీపస్తంభం వైపు మలుపు తిరుగుతోంది. ఈసారి ఆలస్యమైంది ఆయన. మైకు ఏమీ అనలేదు.